గింజ పెరిగిన ఉక్కు

"ఓవర్‌లోడ్. అంతకు మించి ఏం రాయక్కర్లేదు," అంటూ మేనేజరు నూనె గుడ్డలో చుట్టిన మూటను ల్యాబు బల్ల మీద పెట్టాడు. పెట్టిన చేతిని వెంటనే ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఆమె గుడ్డ విప్పింది. లోపల బొటనవేలికంటే లావైన ఉక్కు పిన్ను, రెండు ముక్కలై ఉంది. నిన్న మధ్యాహ్నం డిస్పాచ్ షెడ్డులో క్రేను కొక్కేన్ని పట్టుకుని ఉన్నది ఇదే, ఓడరేవు ఆర్డరు కోసం ఇక్కడే చేసిన పిన్నుల్లో ఒకటి. ఇది విరగగానే కొక్కెమూ, దానికి వేలాడుతున్న బరువూ కలిసి కింద పడ్డాయి. కింద గద్ద కాలు ఉంది.

గద్ద అంటే బటన్ల పెట్టె పట్టుకుని నేలమీంచే క్రేను నడిపే డ్రైవరు. అసలు పేరు ఆఫీసు వాళ్ళు తప్ప ఎవరూ పలకరు. షెడ్డు కప్పు దగ్గర ఊగే కొక్కేన్ని కింద నిలబడి చూసి, వెంట్రుకవాసి పక్కకుందని చెప్పగలడు గనక ఆ పేరు వచ్చింది. ఆమెను మొదట 'ల్యాబమ్మ' అని పిలిచినవాడూ అతనే. ఇప్పుడు ఫ్యాక్టరీ అంతా అలాగే పిలుస్తోంది.

"బటన్ మీద చెయ్యేసి ఒక్క గుంజు గుంజాడట," అన్నాడు మేనేజరు. "బరువు కూడా ఎక్కువే కట్టాడు. వయసు మీద పడ్డాక చెప్తే వినరు."

"మీరు చూశారా సార్?"

"అందరూ అంటున్నారుగా."

"అందరూ అంటే ఎవరు?"

మేనేజరు కిటికీ వైపు చూశాడు. "రేపు ఓనరు గారు వస్తున్నారు. ఆలోగా తేల్చెయ్యాలి."

ఆమె ఒక ముక్కను వెలుతురు వైపు తిప్పింది. బరువు ఆపలేక తెగిన ఉక్కయితే ముందు సాగుతుంది, నడుము సన్నబడుతుంది, తెగిన చోట పీచుపీచుగా బూడిదరంగులో ఉంటుంది. ఇది ఏమాత్రం సాగలేదు. గాజు గ్లాసులా టక్కున విరిగింది. విరిగిన ముఖం మీద కల్లుప్పు చల్లినట్టు మెరుపులు.

"ఇది ఓవర్‌లోడ్ కాదు సార్."

"కోసి చూడకుండానే చెప్పేస్తావా?"

"కోసి చూసే చెప్తాను."

"చూడమ్మా, ఎవరొద్దన్నారు? చూడాల్సినంత చూడు. రాసేది మాత్రం ఓవర్‌లోడ్."

అతను వెళ్ళాక ఆమె తలుపు లోపలినుంచి గడియ పెట్టింది.

ముందు హార్డ్‌నెస్ మెషిను మీద పెట్టింది. ముల్లు ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడే ఆగింది. గట్టిదనానికి లోటు లేదు. ఈ మెషినే ఈ పిన్నులన్నిటినీ పాసు చేసింది. ఫర్నేసులో కాలిన ప్రతి కాల్పులోంచీ ఒక ముక్క కోసి మైక్రోస్కోపు కింద చూడాలని ఆమె ఎంత వాదించినా, ఓడరేవు ఆర్డరు మొదలయ్యాక ఆ పని ఆపించేశాడు మేనేజరు. "గట్టిగా ఉంది, చాలదా? ఇనుముకు జాతకం కూడా చూడాలా?" అని అందరిముందూ నవ్వాడు. అందరూ నవ్వారు.

నీళ్ళు ధారగా పడుతుండగా పిన్ను చివర నుంచి పలచటి బిళ్ళ కోసింది. కోతలో వేడెక్కితే లోపలి రూపం చెదిరిపోతుంది. దాన్ని వేడికి గట్టిపడే నల్లటి బేకలైట్ పొడిలో అచ్చు పోసింది. తర్వాత ఎమెరీ పేపర్లు, గరుకుదాని నుంచి నున్నటిదాని దాకా. పేపరు మార్చినప్పుడల్లా బిళ్ళను అడ్డంగా తిప్పి, పాత గీతలు మాసిపోయేదాకా రుద్దాలి. కోపంగా ఉన్నప్పుడు చెయ్యకూడని పని ఇది. కొంచెం ఎక్కువ నొక్కినా కొత్త గీతలు పడతాయి. ఆమె చెయ్యి నొక్కుతూనే ఉంది. రెండుసార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి తడిగుడ్డ చక్రం మీద పట్టుకుంటే బిళ్ళ అద్దంలా తేలింది. అందులో తన కళ్ళు కనిపించాయి. ఎర్రగా ఉన్నాయి.

ఆసిడ్ చుక్కలు కలిపిన స్పిరిట్‌లో దూది ముంచి అద్దింది. మెరుపు మాసి, ఊపిరి తగిలిన అద్దంలా మబ్బుగా మారగానే కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

పుస్తకాల్లో గ్రెయిన్ అంటారు. వర్క్‌షాపులో గింజ అంటారు. ఉక్కంతా గింజలే. సరిగ్గా కాల్చిన ఉక్కులో గింజలు సన్నరవ్వలా ఉంటాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుని, పగులు ఎటు నుంచి వచ్చినా అడుగడుగునా అడ్డం పడతాయి. అవసరానికి మించి కాలిస్తే పెద్ద గింజ పక్కనున్న చిన్న గింజను మింగి ఇంకా పెద్దదవుతుంది. అలా పెరిగిన గింజల మధ్య పగులుకు రాచబాట దొరుకుతుంది. పైకి చూస్తే పిన్ను పిన్నులాగే ఉంటుంది. గట్టిగానే ఉంటుంది. ఒక్క కుదుపుకు విరుగుతుంది.

ఇప్పుడామె కంటికి కనిపిస్తున్నవి రవ్వ కాదు. నెర్రెలిచ్చిన బంకమట్టి పెంకుల్లా ఇంతింత గింజలు.

ఇదే కాల్పులో కాలిన పిన్నులు సగం ఓడరేవుకు వెళ్ళిపోయాయి. సగం స్టోరులో పెట్టెల్లో ఉన్నాయి. రేవులో వాటికి బరువులు వేలాడుతుంటాయి, కింద మనుషులు తిరుగుతుంటారు.

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఫ్యాక్టరీకి ఉన్నది ఒకటే ఫర్నేసు. దాని దగ్గర నిలబడే మనిషి ఒకడే. ఆ మనిషి ఆమె మామగారు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మామగారు స్నానం చేసి, వరండాలో కుర్చీ వేసుకుని, రేడియో పెట్టుకుని ఉన్నాడు. భర్త లారీతో దూరపు ట్రిప్పులో ఉన్నాడు. అత్తగారు వంటింట్లోంచి, "చేతులు కడుక్కో, వడ్డిస్తాను," అంది.

ఆమె వెళ్ళి రేడియో కట్టేసింది.

ఆ ఇంట్లో ఎవరూ చెయ్యని పని అది. మామగారు తలెత్తి చూశాడు.

"మావయ్యా, ఓడరేవు పిన్నులు ఎంత వేడిలో కాల్చారు?"

"ఎంతలో కాల్చాలో అంతలోనే. మీటరు చూసుకునే చేశాగా."

"గద్ద బాబాయి కాలు మీద పడ్డ పిన్ను కోసి చూశాను."

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. మెడ తడిగా లేదు.

"నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మీరే నన్ను ఫర్నేసు దగ్గరికి తీసుకెళ్ళి, కంతలోంచి చూడమన్నారు. 'అమ్మాయ్, దానిమ్మ గింజ రంగు రాగానే చాలు అనాలి, నారింజ రంగు దాటితే ఉక్కు మన మాట వినదు' అన్నారు. మీటరు చెడిపోయినా మీ కన్ను చెడిపోదని షాపంతా చెప్పుకుంటుంది. అలాంటి మీరు నా మొహం చూసి అబద్ధం చెప్తున్నారు."

అత్తగారు గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏంటే ఆ గొంతు? పెద్దాయనతో మాట్లాడే పద్ధతి అదేనా?"

"పద్ధతిగానే అడుగుతున్నా అత్తయ్యా. మీరు, గారు అనే అడుగుతున్నా. చెప్పమనండి."

మామగారు చాలాసేపు గచ్చు వైపు చూశాడు. చెప్పటం మొదలెట్టాక మాత్రం ఆగలేదు.

"రెండు కాల్పులు వద్దన్నాడు మేనేజరు. సుత్తి కింద సాగగొట్టిన పిన్నుల్ని ముందోసారి కాల్చి గాలికి చల్లారిస్తేనే గింజ సన్నబడుతుంది. నాకు తెలీదా? ఆ కాల్పు ఎగ్గొట్టమన్నాడు. ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టించాడు. అడుగువి కాలాలంటే వేడి పెంచక తప్పదన్నాడు. పెంచాను. కంతలోంచి చూశాను. నారింజ కూడా దాటిపోయింది. నిమ్మపండు రంగుకొచ్చేసింది."

"చూసి?"

"తలుపు మూశాను."

"ఏం మాట్లాడకుండానా?"

"చెప్పానమ్మా. 'సార్, ఎక్కువైపోతోంది' అన్నా. 'రిటైరయ్యేదాకా ఉంటావా, ఇప్పుడే పోతావా' అన్నాడు. ఇంకేం మాట్లాడను?"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేనేజరు మీద కోపం ఒకటి. ఈయన మీద కోపం ఇంకొకటి. రెండోదే ఎక్కువ కాలుతోంది.

"గద్ద బాబాయి గుంజాడని షాపంతా అంటోంది. మీరూ విన్నారు కదా?"

"విన్నాను."

"అప్పుడూ తలుపే మూశారా?"

అత్తగారు గరిటె పక్కన పెట్టి గోడకు చేరగిలబడింది. మామగారు లేచి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తుతాడేమో అనిపించింది. ఎత్తలేదు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు.

"వాడికి తెలుసులే అమ్మాయ్. నేను వాడి మీద నింద వేసేవాణ్ణి కాదని వాడికి తెలుసు."

"తెలుసో లేదో ఆసుపత్రికి వెళ్ళి అడిగారా? బావా బావా అని నోరారా పిలిచే మనిషి. కాలు తీసేశారు మావయ్యా. మోకాలి కింద ఏం లేదు. ఇప్పటిదాకా ఒక్కసారైనా వెళ్ళారా?"

ఆయన వెళ్ళలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఆ పూట కంచాలు పెట్టిన చోటే ఉండిపోయాయి.

*

మర్నాడు పొద్దున డ్యూటీకి ముందే ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. పొడవాటి వార్డు చివర, కిటికీ పక్క మంచం. దుప్పటి ఒకవైపు నిండుగా, ఒకవైపు చప్పగా ఉంది. గద్ద భార్య స్టూలు మీద కూర్చుని పళ్ళెంలో ఆసుపత్రి బ్రెడ్డు తుంపుతోంది. అతను నోరు తెరవటం లేదు.

"ల్యాబమ్మా, వచ్చావా," అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. "నిన్నోమాట అడగాలి. నిజం చెప్పు. నేను మెల్లగానే నొక్కాను కదా?"

"బాబాయ్..."

"బరువు చూసే కట్టాను. ఒకటికి రెండుసార్లు చూశాను. చూశాననే అనుకుంటున్నా. నిన్న ఆఫీసువాళ్ళు వచ్చి గుంజావు గుంజావు అని పదేపదే అంటుంటే నాకే అనుమానమొస్తోంది. చెయ్యి జారిందేమో. ఏమో. పడుకుంటే అదే కల, నేనే గుంజినట్టు."

అతని భార్య బ్రెడ్డు ముక్కను పళ్ళెంలో పడేసింది. "రాత్రంతా ఇదే పాటమ్మా. కాలు పోయినందుకు ఏడవటంలేదు. తప్పు చేశానేమోనని ఏడుస్తున్నాడు."

ఆమె మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. ఒక మనిషి కాలు తీసుకున్నారు. అది చాలక, అతని చేతిమీద అతనికున్న నమ్మకాన్ని కూడా ఊడబెరుకుతున్నారు.

"మీరు గుంజలేదు బాబాయ్. పిన్ను కోసి నా కళ్ళతో చూశాను. గింజలు కల్లుప్పులా పెరిగిపోయున్నాయి. మీరు కాదు, ఆ చోట ఎవరున్నా, ఎంత మెల్లగా నొక్కినా అది విరిగేదే."

అతను కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. మళ్ళీ తెరిచేసరికి చూపు మారింది. కొక్కెం వైపు చూసే చూపు అది.

"గింజ పెరిగిందంటే వేడి ఎక్కువైనట్టు కదా."

"అవును."

"ఫర్నేసు దగ్గరుండేది బావే కదా."

ఆమె తల దించుకోలేదు. "అవును బాబాయ్. మేనేజరు పెంచమన్నాడు. మావయ్య పెంచారు."

"తెలిసే?"

"తెలిసే."

గద్ద నవ్వాడు. ఆ నవ్వు ఆమె వినలేకపోయింది. "అదీ సంగతి. ఇంకా రాడేంటి, జొరమొచ్చి పడుకున్నాడా అని మా ఆవిణ్ణి అడుగుతున్నా. నేనో వెర్రి వెంగళప్పని." మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "నువ్వు వెళ్ళమ్మా. డ్యూటీకి టైమవుతోంది."

గద్ద భార్య గుమ్మం దాకా వచ్చింది. "మీ మావగారని వెనక్కి తగ్గవు కదా?" అని మాత్రం అడిగింది.

"తగ్గను పిన్నీ."

*

ఫర్నేసు చల్లగా ఉంది. మామగారు డ్యూటీకి రాలేదు. పొద్దున ఆమె లేచేసరికే ఇంట్లోనూ లేడు. ఎక్కడికెళ్ళాడో అత్తగారికీ తెలియదు.

మేనేజరు ల్యాబులోకి వచ్చి, ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతులో తేనె పోసుకుని వచ్చాడు.

"చూడమ్మా, నీకూ వద్దు, నాకూ వద్దు. స్టోరులో ఉన్నవాటిని మళ్ళీ కాలుద్దాం. పద్ధతిగా కాలిస్తే గింజ మళ్ళీ సన్నబడుతుంది కదా, నువ్వే చెప్తుంటావు. బయటికి పోయినవి పోయాయి. ఈ ఒక్కదానికీ ఓవర్‌లోడ్ అని పెట్టు. ఎవరికీ నష్టం లేదు."

"రేవులో వాటి కింద నడిచేవాళ్ళకో?"

"అన్నీ విరుగుతాయని ఏముంది?"

"ఏది విరుగుతుందో మీరు చెప్పగలరా సార్? చెప్తే ఆ ఒక్కటే దింపిస్తా."

తేనె ఇంకిపోయింది. "నిజం నిజం అని ఎగురుతున్నావు. రాస్తే ముందు పోయేది ఎవరో తెలుసా? ఫర్నేసు తిప్పింది మీ మామ. నేను నోటితో చెప్పిన మాట గాలిలో కలిసిపోయింది. గాలిని కోసి మైక్రోస్కోపు కింద పెడతావా?"

ఆమె బల్ల మీద బిళ్ళను తీసి పెట్టెలో పెట్టింది. "ఓనరు గారితోనే మాట్లాడతా," అంది.

మధ్యాహ్నం ఓనరు గదిలో నలుగురు కూర్చునే సోఫా ఉంది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే చెప్పింది. విరిగిన ముక్కను చూపించింది, గింజ సంగతి చెప్పింది, డ్రైవరు తప్పు లేదని చెప్పింది. ఓనరు శ్రద్ధగానే విన్నాడు. వినటం అయ్యాక మేనేజరు వైపు తిరిగాడు. మేనేజరు పొద్దుటికీ ఇప్పటికీ దారి మార్చుకున్నట్టున్నాడు.

"ల్యాబు చెప్పింది నిజమే సార్. ఇది ఫర్నేసు ఆపరేటరు నిర్లక్ష్యం. నేనూ ఇప్పుడే ఆ నిర్ణయానికి వచ్చాను. మనిషి పొద్దున్నుంచీ పరారీలో ఉన్నాడు. తప్పు లేనివాడు పారిపోతాడా?"

తను తవ్వి తీసిన నిజాన్ని తన చేతిలోంచే లాక్కుని, ఇంకో పనివాడి నెత్తిన మోదుతున్నారు. నిన్న గద్ద, ఇవాళ మావయ్య. మేనేజరు చొక్కా ఇస్త్రీ మాత్రం నలగలేదు.

"వేడి పెంచమన్నది ఈయనే సార్. ఒక కాల్పు ఎగ్గొట్టమన్నదీ ఈయనే. గింజలు చూడొద్దని నాతో అన్నదీ ఈయనే, అందరిముందూ అన్నాడు. నిర్లక్ష్యం అని పేరు పెడితే ఈయనదీ, మావయ్యదీ, నాదీ, ముగ్గురిదీ రాయండి. తొందరగా కావాలి అన్నవాళ్ళెవరో వాళ్ళదీ రాయండి."

"గొంతు తగ్గించు," అన్నాడు ఓనరు. "మీ మామగారిని పిలిపిస్తాం. ఆయనేమంటాడో విందాం."

ఏమంటాడు? ఆమెకు ఆశ లేదు. ఎక్కడో దాక్కుని, రిటైర్మెంటు తలుచుకుంటూ కూర్చుని ఉంటాడు. పట్టుకొచ్చినా మళ్ళీ గచ్చు వైపు చూస్తాడు.

తలుపు తోసుకుని మామగారు లోపలికి వచ్చాడు. చెప్పులకు తడి ఇసుక. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. వెనక, హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఓడరేవు ఇంజనీరు. ఆవిడ చేతిలో రెండు ఉక్కు ముక్కలు.

"పొద్దున మొదటి బస్సుకే రేవుకు వెళ్ళాను," అన్నాడు మామగారు. కోడలి వైపు చూడలేదు. ఓనరు వైపే చూస్తున్నాడు. "అక్కడెవరూ నన్ను లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గరే కూర్చున్నాను. ఈ మేడమ్ వస్తే ఆపి, ఆ పిన్నులు కాల్చింది నేనే, పాడు చేసిందీ నేనే, దింపించండి అన్నాను. నమ్మలేదు. ఒకటి తెప్పించి, బిగించి, సుత్తితో కొట్టి చూపించాను. వంగాల్సింది విరిగింది."

ఇంజనీరు ముక్కలను గాజు బల్ల మీద పెట్టింది. కల్లుప్పు మెరుపు గదిలో అందరికీ కనిపించింది.

"అన్ని క్రేన్లూ ఆపించాం," అంది ఆవిడ. "పిన్నులన్నీ దింపుతున్నారు."

"మంచిది, మంచిది. ఇక మిగతాది మనలో మనం మాట్లాడుకుందాం," అన్నాడు ఓనరు లేస్తూ.

"మనలో మనం తేల్చుకునే పని కాదండీ. సేఫ్టీ ఇన్‌స్పెక్టరుకు ఫోను చేసే వచ్చాను. సాయంత్రం వస్తారు. స్టోరు తాళం ఆయన వచ్చేదాకా తియ్యొద్దు."

మేనేజరు మామగారి వైపు వేలు చూపించాడు. "ఒప్పుకున్నాడుగా సార్! తనే చేశానంటున్నాడు!"

"చేశాను," అన్నాడు మామగారు. "మీరు పెంచమన్నారు, నేను పెంచాను. నోరు మీది, చెయ్యి నాది. నా చేతి సంగతి నేను చెప్పాను. మీ నోటి సంగతి మీరు చెప్పండి."

మేనేజరు ఓనరు వైపు చూశాడు. ఓనరు తడి ఇసుక పడిన తివాచీ వైపు చూస్తున్నాడు.

*

ఇన్‌స్పెక్టరు వచ్చి షాపులో ఒక్కొక్కరినీ అడిగితే, మొన్నటిదాకా గద్ద గుంజాడన్నవాళ్ళే తాము చూడలేదన్నారు. పిన్నులు ఒకదాని మీద ఒకటి పేర్చమన్నది మేనేజరేనని ఇద్దరు ముగ్గురు నోరు విప్పారు. డ్రైవరు తప్పు లేదని ఫ్యాక్టరీ ఒప్పుకుంది. మేనేజరును సెలవు మీద పంపారు. మామగారిని సెలవు మాట కూడా లేకుండా గేటు బయటికి పంపారు. ఆ తేడా చూసి ఆమె ల్యాబులో తలుపు గడియ పెట్టుకుని, ఒక ఎమెరీ పేపరును ముక్కలు ముక్కలుగా చింపింది.

మామగారి మీద కూడా కోపం తగ్గలేదు. మంచి పనే చేశాడు, కాదనదు. ఒక మనిషి కాలు పోయాక చేశాడు. ఇంట్లో ఆయనకు వడ్డిస్తుంది, మందులు అందిస్తుంది, మాట్లాడాల్సింది మాట్లాడుతుంది. 'మావయ్యా' అని పిలవటం మాత్రం నోటికి రావటంలేదు. ఆయనా పిలవమని అడగలేదు.

రోజూ పొద్దున్నే ఆయన ఆసుపత్రికి వెళ్తున్నాడు. వార్డు బయట బెంచీ మీద కూర్చుంటాడు. లోపలికి వెళ్ళడు. మొదటి రోజు గుమ్మంలో నిలబడితే గద్ద మంచినీళ్ళ గ్లాసు విసిరాడు. అప్పట్నుంచి బెంచీయే. గద్ద భార్య ఆ దారినే వస్తుంది, పోతుంది, పలకరించదు. చీకటి పడే ముందు ఆయన లేచి ఇంటికి వస్తాడు.

ఆదివారం ఆమె వెళ్ళినప్పుడు కూడా బెంచీ మీదే ఉన్నాడు. ఆమె దాటుకుని లోపలికి వెళ్ళింది. గద్ద మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. కొత్త చంక కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. భార్య మందుల కోసం కిందికి వెళ్ళింది.

"నర్సు ఈ కర్రలతో నడవమంటోంది," అన్నాడు విసుగ్గా. "నడుస్తూ పడితే? పట్టుకునేవాళ్ళుండాలా వద్దా?"

"నేనున్నా కదా బాబాయ్, పట్టుకుంటా."

"నువ్వేం ఆపుతావు నన్ను. నీ మీద పడితే ఇద్దరం పోతాం." కర్రల వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. దవడ బిగుసుకుంది. "అక్కడ కూర్చున్నాడా ఇంకా?"

"ఉన్నారు."

కిటికీ బయట ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు.

"రమ్మను," అన్నాడు. "వచ్చి ఈ పక్క పట్టుకోమను. బాత్రూమ్ దాకా, మళ్ళీ ఇక్కడిదాకా. అంతే."

ఆమె తలుపు వైపు నడిచింది.

"ల్యాబమ్మా," అని వెనకనుంచి పిలిచాడు. "మాట్లాడొద్దని చెప్పు. ఒక్క ముక్క మాట్లాడినా కర్ర తిరగేస్తానని చెప్పు."

ఆమె బయటికి వెళ్ళి బెంచీ ముందు నిలబడింది. మామగారు తలెత్తాడు.

"లోపలికి రమ్మంటున్నాడు మావయ్యా," అంది. "పట్టుకోవటానికే. మాట్లాడొద్దట."

ఆయన తలూపాడు. లేచి, రెండు చేతులూ ప్యాంటుకు బాగా తుడుచుకుని, లోపలికి వెళ్ళాడు.